చివరి గడిలో పెట్టిన స్లైడ్

వాళ్ళిద్దరి మొదటి గొడవ ఒక పన్ను రంగు మీద.

“ఏమండీ, ఈ పన్నుకి కామెర్లు ఎందుకొచ్చాయి?” అంటూ ఒక స్లైడ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ఫొటో గది గుమ్మంలో నిలబడింది ఆవిడ. డెంటల్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్. తెల్లకోటుకి ఇంకా గంజి వాసన పోలేదు గానీ గొంతులో మాత్రం ప్రొఫెసర్లను మించిన దర్జా.

మనవాడు తలెత్తాడు. ఆ కాలేజీ ఫొటోగ్రాఫర్ అతను. పేషెంట్ల నోళ్ళు తెరిపించి పళ్ళ ఫొటోలు తియ్యడం అతని ఉద్యోగం. స్టూడెంట్లు ‘ఫ్లాష్’ అని పేరు పెట్టారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

“పన్నే అలా ఉందేమో మేడమ్.”

“నేనే క్లీన్ చేశానండీ దాన్ని. పాలలా ఉంది.”

“మరి ఆ రోజు ఫ్లాష్ వేస్తానంటే వద్దన్నదెవరు? పేషెంటు బెదిరిపోతున్నాడు, నా కుర్చీ దీపం చాలు అన్నదెవరు?”

“నేనే. అయితే?”

“ఇది ఎండకి తయారుచేసిన ఫిల్మండీ. బల్బు వెలుతుర్లో తీస్తే పన్నే కాదు, మీరైనా పసుపే.”

“నేనా?” ఆవిడ కళ్ళు ఇంతలేసి చేసింది. “నన్నెందుకు తీస్తారు మీరు?”

“మాటవరసకన్నాను.”

“మాటవరసకి కూడా తియ్యక్కర్లేదు,” అని స్లైడ్ బల్ల మీద పడేసి చరచరా వెళ్ళిపోయింది. ఆ వెనక మనవాడు ఆ పసుపు పన్ను వంక చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. చెప్పొద్దూ, ఆ పన్ను మీద అప్పటికే అభిమానం పుట్టుకొచ్చింది.

ఈ కాలం పిల్లలకి కాస్త చెప్పాలి. స్లైడ్ ఫిల్మ్ అంటే మామూలు ఫిల్మ్ కాదు. మామూలు ఫిల్మ్‌కి నెగెటివ్ ఉంటుంది. కాపీలు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు, తీసేటప్పుడు తప్పు చేసినా ప్రింటు వేసేవాడు ఎలాగో సర్దేస్తాడు. స్లైడ్‌కి ఆ భాగ్యం లేదు. కెమెరాలో తిరిగిన ఆ ఫిల్మ్ ముక్కే రంగులతో బయటికొచ్చి చిన్న అట్ట చట్రంలో కూర్చుంటుంది. ప్రొజెక్టర్‌లో పెడితే గోడంత బొమ్మ. పోయిందంటే ఇక పోయినట్టే. పైగా దానికి క్షమాగుణం బొత్తిగా లేదు. వెలుతురు రవ్వంత ఎక్కువైందా, తెల్లటి పన్ను ఉత్త కాగితమైపోతుంది. రవ్వంత తక్కువైందా, నోరంతా చీకటి గుహ.

అలాంటి ఫిల్మ్‌తో పనిచేసీ చేసీ మనవాడు మాటల్లోనూ అలాగే తయారయ్యాడు. ఒక మాట అనాలంటే ఎక్కువవుతుందా, తక్కువవుతుందా అని ముందు కొలుచుకోవాలి. ఆ కొలత తేలేసరికి ఎదుటి మనిషి టీ తాగేసి వెళ్ళిపోయేవాడు.

ఆవిడ మాత్రం మర్నాడే మళ్ళీ వచ్చింది.

“ఫ్లాష్ వెయ్యండి. పేషెంటుకి నేను నచ్చజెప్తాను,” అంది గోడ వంక చూస్తూ. దాన్నే క్షమాపణ అనుకోమని ఆవిడ ఉద్దేశం. మనవాడు అనుకున్నాడు.

అలా మొదలైంది. ఆవిడ పేషెంటు పెదవిని అద్దంతో పక్కకి లాగి పట్టుకునేది. మనవాడు ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాడు. రోల్ అయిపోతే పోస్టులో వేరే ఊరి ల్యాబ్‌కి వెళ్ళి కడిగించుకుని రావాలి. అది తిరిగొచ్చేదాకా ఇద్దరికీ కాలు నిలిచేది కాదు. “వచ్చిందా?” అని ఆవిడ కారిడార్ అవతలి చివర్నుంచే కేకేసేది. “రాలేదు” అంటే మొహం ముడుచుకునేది. వచ్చిందంటే సగం తాగిన టీ కప్పుతో సహా ఫొటో గదిలోకి వచ్చి పడేది.

“టీ బయట పెట్టండి మేడమ్. స్లైడ్ల మీద పడితే నేను ఉరేసుకోవాలి.”

“అబ్బో! పళ్ళ బొమ్మల కోసం ప్రాణత్యాగమా?”

అడుగు నుంచి వెలుగొచ్చే లైట్ బాక్స్ మీద స్లైడ్లు పరిచి, ఒకే ఒక్క భూతద్దంతో ఇద్దరూ వంగి చూసేవాళ్ళు. రేకుల కప్పు మీద వాన దబదబా కొడుతుంటే ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడాలంటే దగ్గరికి జరగాల్సిందే. ఆ వానాకాలంలో మనవాడు కప్పుకి దణ్ణం పెట్టని రోజు లేదు.

“ఆ భూతద్దం మీ ఒక్కరి సొత్తా? ఇలా ఇవ్వండి.”

“ఇస్తాను. స్లైడ్‌కి మాత్రం వేళ్ళు తగలనివ్వకండి. అంచు పట్టుకోండి.”

“పట్టుకున్నాను మహాప్రభో!”

“అది అంచు కాదు. నా వేలు.”

ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత చాలాసేపు ఇద్దరూ అరిగిపోయిన దవడపళ్ళ గురించి మహా గంభీరంగా మాట్లాడుకున్నారు.

ఆవిడకి పాఠం చెప్పడంలో ఒక పద్ధతి ఉంది. స్క్రీన్ వైపు తిరగదు. వినేవాళ్ళకి వీపు చూపించి గోడతో మాట్లాడే లెక్చరర్లంటే ఆవిడకి ఒళ్ళు మంట. వరస మొత్తం నోటికి పెట్టుకుని, జనం మొహాల్లోకి చూస్తూ గడగడా చెప్పేది. “నెక్స్ట్” అంటే మనవాడు వెనక ప్రొజెక్టర్ దగ్గర మీట నొక్కాలి. అంతే.

“ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడరేం? నేను తలకిందులుగా పెట్టి ఉంటే?” అని అడిగాడొకసారి.

“మీరు పెట్టరు కదా,” అంది ఆవిడ, అదేదో తెలిసిన సంగతే అన్నట్టు.

ఆ రాత్రి మనవాడికి అన్నం సయించలేదు. ఇంట్లో అక్క అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తేల్చుకుని, “ఎవర్రా అమ్మాయి?” అని అడిగింది.

సరే, అసలు సంగతికొద్దాం. కాలేజీలో పెద్ద సభ పెట్టారు. ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చారు. కుర్రకారులో మాట్లాడే అవకాశం దక్కింది ఆవిడ ఒక్కదానికే. స్లైడ్లన్నీ గుండ్రటి ట్రేలో గడికొకటి చొప్పున పేర్చి, ప్రతి అట్ట మీదా నంబరు వేసి, ఏ వైపు పైకుండాలో తెలిసేలా మూలన ఎర్రచుక్క పెట్టాడు మనవాడు. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి, జేబులోంచి ఇంకో స్లైడ్ తీశాడు.

అందులో ఉన్నది ఆవిడ బొమ్మ. దానికి చుక్క పెట్టాడు గానీ నంబరు వెయ్యలేదు. అది వరసలోది కాదు మరి. దాన్ని ట్రేలో చివరి గడిలో పెట్టాడు. ఉపన్యాసం ఎక్కడో మధ్య గడుల దగ్గరే అయిపోతుంది. చప్పట్లు కొట్టి జనం వెళ్ళిపోతారు. హాలు ఖాళీ అయ్యాక, “మేడమ్, ఇంకొక్కటి మిగిలింది, ఈసారికి వెనక్కి తిరిగి చూడండి,” అనాలి. ఆ ఒక్క వాక్యాన్నీ వారం పాటు అద్దం ముందు చెప్పుకున్నాడు. బొమ్మ చూస్తే ఆవిడకే అర్థమవుతుంది, ఇక నోరు తెరిచి చెప్పే పని ఉండదని అతని ఆశ.

ఈలోగా హాల్లో ప్రొజెక్టర్ బల్బు మాడిపోయిందని కబురొచ్చింది. మనవాడు వేరే బల్బు కోసం స్టోర్‌కి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ట్రే హాల్లో ప్రొజెక్టర్ మీద సిద్ధంగా ఉంది. ఆవిడే తెచ్చి పెట్టిందన్నారు.

దీపాలు ఆర్పారు. ఆవిడ మొదలుపెట్టింది. ఏం చెప్పింది! వెనక వరసలో కునికిపాట్లు పడే పెద్దాయన కూడా లేచి కూర్చున్నాడు. నెక్స్ట్, నెక్స్ట్ అంటూ బండి పట్టాల మీద పోతున్నట్టు పోతోంది.

“ఇప్పుడు చూడండి. ఇది బాగా ముదిరిపోయిన కేసు,” అంది ఆవిడ, జనం వైపే చూస్తూ.

మనవాడు మీట నొక్కాడు. స్క్రీన్ నిండా ఆవిడే.

“పైకి చక్కగా కనబడుతుంది. మోసపోకండి. లోపలంతా పుచ్చిపోయింది. ఇలాంటిదాన్ని ఉంచుకోవాలని చూడడం దండగ. పీకి పారెయ్యడమే. నెక్స్ట్.”

హాలు గొల్లుమంది. పెద్ద పెద్ద డాక్టర్లందరూ ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వారు. ఆవిడ ఎందుకో అర్థంకాక తడబడి మళ్ళీ “నెక్స్ట్” అంది. మనవాడి వేలు దానంతటదే నొక్కేసింది. బొమ్మ పోయింది. మిగతా ఉపన్యాసం ఎలా గడిచిందో అతనికి గుర్తు లేదు. ఒక్కటే మాట చెవుల్లో గింగురుమంటోంది. పీకి పారెయ్యడమే.

చివరి గడిలో పెట్టింది మధ్యలోకి ఎలా వచ్చింది? తన తర్వాత ట్రే ముట్టుకుంది ఆవిడ ఒక్కతే. అంటే చూసింది. చూసి, కావాలనే తీసుకెళ్ళి ఆ గడిలో పెట్టింది. అందరి ముందూ జవాబు చెప్పింది. మనవాడికి తల తీసేసినట్టయింది.

జనం కదిలాక ఆవిడ ప్రొజెక్టర్ దగ్గరికి వచ్చింది. తెర మీద తన బొమ్మ పడిందని ఎవరో చెప్పేశారు.

“ఎక్కడది? ఇవ్వండి.”

తీసి ఇచ్చాడు. ఆవిడ దాని వంకైనా చూడలేదు. టేపు కత్తిరించే కత్తెర అక్కడే ఉంది. స్లైడ్‌ని అట్టతో సహా మధ్యకి కత్తిరించి చెత్తబుట్టలో పడేసింది.

“మీకసలు సిగ్గుందా?” అంది. కళ్ళలో నీళ్ళు.

ఇంత చిన్న ఉద్యోగస్తుడు తనని ప్రేమించడానికి సిగ్గుండాలని అంటోందనుకున్నాడు మనవాడు. పల్లెత్తు మాట అనలేదు. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆవిడకి పెళ్ళయిందని తర్వాతెప్పుడో తెలిసింది.

మనవాడు పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకి, “ఫోకస్ కుదరలేదండీ,” అని చెప్పి నవ్వేసేవాడు.

పాతికేళ్ళ పైనే గడిచాయి. స్లైడ్ ఫిల్మ్ కాలం పోయింది. మనవాడికి కళ్ళజోడు, కొంచెం పొట్ట, ఇంటి ముందు గదిలోనే ఒక చిన్న షాపు వచ్చాయి. పాత స్లైడ్లు, ఫొటోలు తెచ్చిస్తే శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడం ఇప్పుడు అతని పని. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“ఫొటోగ్రాఫర్ గారేనా?”

ఆ గొంతులో దర్జా అలాగే ఉంది. మనవాడు లేచి నిలబడ్డాడు. ఫోన్‌లో ఎవరు చూడొచ్చారు చెప్పండి, అయినా నిలబడ్డాడు.

“మా డిపార్ట్‌మెంట్ పాత గది ఖాళీ చేస్తున్నాం. స్లైడ్లు పాడైపోతున్నాయి. అవి ఏ కేసులో మీకు తప్ప ఎవరికీ తెలియదు. వస్తారా?” అని, కాస్త ఆగి, “పని కోసమే,” అని చేర్చింది.

“చూస్తాను మేడమ్,” అని పెట్టేశాడు. అక్క అంతా విననే వింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. బావగారు పోయాక అక్క తమ్ముడి దగ్గరికే వచ్చేసింది.

“ఏమంటుంది మీ పళ్ళ డాక్టరు?”

“రమ్మంటోంది. నేను వెళ్ళనక్కా.”

“ఎందుకు వెళ్ళవురా? నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా, అంతమందిలో నవ్వులపాలు చెయ్యాలా అని ఇన్నేళ్ళూ నా బుర్ర తిన్నావు. ఆ ముక్కేదో వెళ్ళి ఆవిణ్ణే అడుగు. నా చెవులకి విశ్రాంతి.”

“ఇప్పుడడిగి ఏం లాభం?”

“లాభం లేదు. కానీ అడక్కుండా పోతే నీ ప్రాణం ఊరుకుంటుందా?” అక్క బీరువా తెరిచి ఇస్త్రీ చొక్కా తీసి అతని మీదికి విసిరింది. “గడ్డం గీసుకో ముందు.”

వెళ్ళాడు.

ఆవిడ జుట్టు సగం నెరిసింది. తెల్లకోటు మాత్రం అదే. డిపార్ట్‌మెంట్ హెడ్ అట ఇప్పుడు. “కూర్చోండి” అంది. “ఆరోగ్యం బాగుందా?” అంది. పాత ఫొటో గది అటకల మీద స్లైడ్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. మూత తీయగానే చెమ్మ వాసన.

బూజు సాలెగూడులా పాకింది. నీలం, ఆకుపచ్చ ఎగిరిపోయి కొన్ని బొమ్మలు ఉత్త ఎర్రగా మిగిలాయి. ఎవరో పుణ్యాత్ముడు వాటిని వేడినీళ్ళ పైపు పక్కనే పెట్టించాడు.

“బతుకుతాయా?” అడిగింది ఆవిడ.

“కొన్ని. పోయిన రంగు తిరిగి రాదు. కంప్యూటర్‌లో కాస్త సర్దుకోవచ్చు, అంతే.”

నూలు గ్లవ్స్ తొడుక్కుని పనిలో దిగాడు. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము పోగొట్టాలి. తర్వాత మెత్తటి బ్రష్. మరీ మొండి బూజుకైతేనే మందులో తడిపిన దూది, అదీ గట్టిగా రుద్దకూడదు. ఆవిడ పక్కన కూర్చుని నంబర్లు చూసి కేసు పేర్లు రాసుకుంటోంది. అడగాలనుకున్న ముక్క గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. వారం గడిచినా మనవాడు అడగలేదు. రోజూ సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరగానే అక్క మాత్రం గుమ్మంలోనే, “అడిగావా?” అని నిలదీసేది.

ఒకరోజు పొద్దున, ఎక్కడివో తెలియని స్లైడ్లు కలగాపులగంగా పడేసిన పెట్టె ఒకటి తెరిచారు. అందులో ఒక దవడపన్ను. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మొహం గట్టిగా చేసుకుంది.

“గుర్తుపట్టారా? ముదిరిపోయిన కేసు. ఆ రోజు మీరు తీసేసిన స్లైడ్. దీన్ని తీసేసే కదా నా బొమ్మ పెట్టారు?”

“నేనా?” మనవాడి చేతిలో బ్రష్ ఆగిపోయింది. “నేనెందుకు తీస్తానండీ? మీరే కదా మార్చారు! నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు కదా మేడమ్. అంతమందిలో అంత మాట అనాలా?”

అమ్మయ్య, వచ్చేసింది ఆ ముక్క. పాతికేళ్ళ సరుకు కదా, కాస్త గట్టిగానే వచ్చింది.

“నేను మార్చడమేంటి? నాకసలు మీ స్లైడ్ సంగతే తెలియదు!” ఆవిడా గొంతు పెంచింది. “నన్ను పుచ్చుపన్నుతో పోల్చి మీరూ మీ స్టూడెంట్లూ కలిసి ఆట పట్టించారనుకున్నాను. నా మొదటి పెద్ద సభ అది. దానికోసం ఎన్నాళ్ళు చచ్చేంత చదివానో మీకు తెలుసు. మీకే తెలుసు!”

“నేను చివరి గడిలో పెట్టాను. అందరూ వెళ్ళాక మీ ఒక్కరికే చూపిద్దామని.”

ఆవిడ చేతిలో ఉన్న స్లైడ్‌ని మనవాడు నెమ్మదిగా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అట్ట మూల నలిగి ఉంది. మీద చెప్పు అడుగు గీతలు. ఫిల్మ్ మీద ఇసుక రాసుకున్న గీత.

“ఇది నేల మీద పడింది మేడమ్. ఎవరో తొక్కారు. ట్రేలోంచి తీసిన స్లైడ్‌కి ఇలా అవదు.”

ఆవిడ మొహంలో రంగు మారింది.

“పడింది,” అంది. “నేనే... ట్రే ఎత్తుకుని వస్తుంటే గుమ్మం దగ్గర కొంచెం వంగింది. స్లైడ్లన్నీ జలజలా రాలిపోయాయి. చచ్చాననుకున్నాను. టైము లేదు. నంబర్లు చూసుకుంటూ గబగబా పెట్టేశాను. చివరికి వరస మధ్యలో ఒక గడి ఖాళీగా మిగిలింది, చేతిలో నంబరు లేని స్లైడ్ ఒకటి మిగిలింది. మీరు నంబరు వెయ్యడం మర్చిపోయారనుకున్నాను. చుక్క చూసి అందులో దూర్చేశాను. వెలుతుర్లో పెట్టి చూడనైనా లేదు.”

“పడిపోయాయని నాకు చెప్పలేదే?”

“వేళ్ళు తగిలితేనే చంపేసేవాళ్ళు మీరు. నేల మీద పడ్డాయంటే ఊరుకుంటారా? భయపడి చెప్పలేదు.”

మనవాడు గ్లవ్స్ తీసేసి మొహం రుద్దుకున్నాడు. ట్రే మీద ఒక రింగు ఉంటుంది. స్లైడ్లన్నీ పెట్టాక దాన్ని తిప్పి బిగిస్తే ట్రే బోర్లించినా ఒక్కటి రాలదు. ఎప్పుడూ మర్చిపోనివాడు ఆ ఒక్కరోజు మర్చిపోయాడు. ఆవిడ బొమ్మని చివరి గడిలో పెట్టేటప్పుడు ఎవరైనా వస్తారేమోనని తలుపు వంకే చూశాడు. ఆ కంగారులో బల్బు కబురొచ్చింది. లేచి పరిగెత్తాడు.

“రింగు బిగించలేదు నేను,” అన్నాడు.

ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత అతనికీ వచ్చింది. పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ మధ్యలో ఆగిపోయింది.

“ఆ సాయంత్రం బస్టాప్‌లో నిలబడ్డాను,” అంది. “మీరొచ్చి సారీ చెప్తారని. వస్తే కడిగేద్దామనే అనుకున్నాను. కడిగేస్తే పోయేది, మళ్ళీ మర్నాడు మామూలుగా ఉండేవాళ్ళం. బస్సులు వెళ్ళిపోతూనే ఉన్నాయి, మీరు రాలేదు. ఒక్క మాట అనొచ్చు కదండీ ఆ రోజు? ఎంత కోపంలో ఉన్నా వినేదాన్ని.”

“మీరు వద్దన్నారనుకున్నాను. వద్దన్నాక ఇంకేం మాట్లాడతాను?”

“అన్నానా నేను వద్దని?”

ఆవిడ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది.

“మా ఆయన మంచివారు. పోయి కొన్నేళ్ళయింది. ఆయన మీద నాకేమీ ఫిర్యాదు లేదు,” అంది. “కానీ ఎవరి మీదైనా కోపమొస్తే మీరే గుర్తొచ్చేవారు. నమ్మినవాళ్ళు ఇలాగే చేస్తారు అనుకునేదాన్ని. చూడండి, ఎంత అన్యాయం! పాతికేళ్ళు తప్పు మనిషిని తిట్టుకున్నాను.”

“నేనూ తిట్టుకున్నానండీ.”

“ఏమని?”

“పొగరు అని.”

“అదైతే నిజమే,” అంది ఆవిడ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి ఆవిడే మళ్ళీ అడిగింది. “ఆ స్లైడ్‌లో ఏముంది? హాల్లో అందరూ చూశారు. నేను తప్ప.”

“మీరున్నారు.”

“అది తెలుసు. ఎలా ఉన్నాను?”

“బాగున్నారు.”

“అంతేనా? మళ్ళీ కొలుచుకుంటున్నారా? దానికి నెగెటివ్ లేదు, కాపీ లేదు. ఉన్న ఒక్కటీ నేనే కత్తిరించేశాను. ఇప్పుడు మీరు చెప్తేనే నాకు తెలిసేది. చెప్పండి.”

మనవాడు గోడ వంక చూస్తూ మొదలుపెట్టాడు.

“ఒక చిన్నపిల్ల మీ వేలు కొరికింది. గుర్తుందా? నోట్లో అద్దం పెట్టబోతే కసుక్కున కొరికేసి కుర్చీ దిగి పారిపోయింది. మీరు వేలికి దూది చుట్టుకుని కారిడార్‌లోకి వచ్చి నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేక కిటికీ పట్టుకుని నవ్వుతున్నారు. అప్పుడే వాన వెలిసింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. రోల్‌లో ఒకటే మిగిలింది నాకు.”

“ఊఁ.”

“కిటికీ బాగా వెలుతురుగా ఉంది. మీ మొహం నీడలో ఉంది. స్లైడ్‌లో రెండూ రావు, ఏదో ఒకటే దక్కుతుంది. నేను కిటికీని వదిలేసుకున్నాను. వెనకాల చెట్టూ ఆకాశం అన్నీ కాలిపోయి తెల్లగా అయిపోయాయి. కాలేజీవాళ్ళయితే పనికిరాదని పారేస్తారు. మీ మొహం మాత్రం ఉన్నదున్నట్టు వచ్చింది. చెంప మీద జుట్టు తడి కూడా కనబడుతుంది.”

ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది.

“మీకు ముందు పళ్ళలో ఒకటి కొంచెం పక్కకి ఉండేది. పళ్ళ డాక్టరై ఉండి ఇదేంటని ఎవరైనా అంటారని, నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. ఆ రోజు ఆ చేతి వేలికే దూది. అడ్డం పెట్టుకోవడం మర్చిపోయారు. అప్పుడే మొదటిసారి పూర్తిగా చూశాను మీ నవ్వు. అదే ఉంది ఆ స్లైడ్‌లో.” బల్ల మీది బ్రష్‌ని తిన్నగా సర్దాడు. “ఆ పన్నంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మీరంటే ఇష్టం మేడమ్. అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. ఆ సంగతి చెప్పడం చేతకాకే బొమ్మ పెట్టాను.”

బయట కారిడార్‌లో స్టూడెంట్లెవరో నవ్వుకుంటూ వెళ్ళారు.

“ఆ పన్ను ఇప్పుడు లేదండీ,” అంది ఆవిడ. పెదవి కొంచెం పక్కకి లాగి చూపించింది. అన్నీ తిన్నగా, వరసగా ఉన్నాయి. “పెళ్ళి కుదిరాక ఇక్కడే క్లిప్పులు వేయించుకుని సరిచేయించుకున్నాను. ఎవరికీ నచ్చదనుకున్నాను.”

“నాకు నచ్చింది.”

“చెప్పొద్దా మరి?” ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. “ఒక్క మాట చెప్పి ఉంటే దాన్ని అలాగే ఉంచుకునేదాన్ని కదా!”

మనవాడు లేచి, తన కుర్చీని ఆవిడ కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చున్నాడు.